మిల్లు కాంటా నుంచి క్లౌడ్ దాకా: చిన్న వ్యాపారం తన సాఫ్ట్‌వేర్‌ను మార్చుకునే పద్ధతి

మిర్యాలగూడలో వానాకాలం వడ్లు మిల్లులకు వచ్చే రోజుల్లో రాత్రి పదకొండు దాటాక నా ఫోన్ మోగిందంటే, ఎత్తకముందే విషయం తెలిసిపోయేది. "అన్నా, సిస్టం హ్యాంగైంది, చీటీలు వస్తలేవు, బయట బండ్లు లైను కట్టినయ్." కాంటా మీద ఒక ట్రాక్టరు ఎక్కి నిలబడి ఉంటుంది, దాని వెనక రోడ్డు దాకా ఇంకో ముప్పై ఉంటాయి, పొద్దున పొలం దగ్గర బయలుదేరిన రైతు ఇంకా అన్నం తినలేదు, లోపల ఆఫీసు గదిలో బీరువా పక్కన తౌడు దుమ్ము పట్టిన ఒక కంప్యూటరు మొరాయిస్తూ ఉంటుంది. దాన్నే అందరం సర్వర్ అనేవాళ్ళం. అది ఆగితే కాంటా చీటీ లేదు, తేమ లెక్క లేదు, రైతుకు పైసలు లేవు. నల్గొండ నుంచి నేను బండి మీద పోయేసరికి గుమాస్తా తెల్లకాగితాల మీద బరువులు రాస్తూ ఉండేవాడు. మర్నాడు వాటన్నిటినీ మళ్ళీ ఎక్కించాలి, అందులో రెండో మూడో తప్పులు దొర్లేవి, ఆ తప్పు ఎవరో ఒక రైతు మీద పడేది.

ఆ సాఫ్ట్‌వేర్ రాసిందీ చూసుకునేదీ నేనే. క్లౌడ్ అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకు దొరికే పెద్ద కంపెనీల కంప్యూటర్లు. దాన్ని వాడుకునే క్లౌడ్ నేటివ్ పద్ధతిలోకి నా సాఫ్ట్‌వేర్‌ను మార్చడానికి రెండు సీజన్లు పట్టింది. ఏది ముందు చేయాలి, ఏది అసలు చేయక్కర్లేదు అని అప్పుడు నాకెవరైనా చెప్పి ఉంటే ఒక సీజన్‌లో అయిపోయేది. అందుకే ఇది రాస్తున్నా. వడ్ల మిల్లయినా, నల్గొండలో బత్తాయి వ్యాపారమైనా, బాదేపల్లి మార్కెట్‌లో అడ్తి దుకాణమైనా, గద్వాల చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే షాపైనా, ఇరవై మందిలోపు పనిచేసేవాళ్ళు, సాఫ్ట్‌వేర్ చూసుకోవడానికి ఒకరో ఇద్దరో ఉన్న చోట ఇది పనికొస్తుంది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. బీరువా పక్కనున్న కంప్యూటరులో ఉన్నదంతా తీసుకుపోయి క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న ఒక మిషన్‌లో పెడితే అది క్లౌడ్ నేటివ్ కాదు. ఇల్లు మారినట్టే, అలవాట్లు అవే ఉంటాయి. మిషన్ పడిపోతే ఇక్కడ పడినట్టే అక్కడా పడుతుంది, పైగా నెలనెలా బిల్లు. క్లౌడ్ నేటివ్ అంటే ఏ మిషన్ ఏ క్షణంలో పోయినా పని ఆగకుండా ప్రోగ్రామ్‌ను తయారుచేసుకోవడం, మార్పులను చిన్నచిన్నగా, మనిషి చెయ్యి పడకుండా లైవ్‌లోకి పంపగలగడం, సర్వర్ ఎలా ఉండాలో ఫైల్లో రాసిపెట్టి ఆ ఫైలు నుంచే మళ్ళీ కట్టుకోగలగడం. ఇందులో సగం టెక్నాలజీ, సగం పని చేసే తీరు. నెట్‌ఫ్లిక్స్ 2008లో డేటాబేస్ పాడై మూడు రోజులు డీవీడీలు పంపలేకపోయింది, ఆ దెబ్బతో క్లౌడ్‌కు మారడం మొదలుపెట్టి 2016 జనవరికి గానీ పూర్తి చేయలేదు. ఏడేళ్ళు. వాళ్ళు పాతదాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి పెట్టకుండా దాదాపు అన్నీ తిరగరాసుకున్నారు. మనకు అంత పని లేదు, కానీ ఒక్క వారాంతంలో అయ్యే పని కూడా కాదని సేటుకు ముందే చెప్పండి.

మొదటి పని కాగితం మీద

కీబోర్డు ముట్టుకోకముందు రెండు రోజులు మిల్లులో కూర్చోండి. ట్రాక్టరు గేటు దాటిన దగ్గర్నుంచి రైతు ఖాతాలో డబ్బు పడేదాకా ఏ మనిషి ఏ స్క్రీను ముందు ఏం చేస్తున్నాడో వరసగా రాసుకోండి. నిండు బండి బరువు, తేమ శాతం, బస్తాల సంఖ్య, ఖాళీ బండి బరువు, తరుగు, చీటీ ప్రింటు, సేటు సంతకం, చెల్లింపు, తర్వాత ట్యాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం. ఒక్కోదాని పక్కన రెండు ప్రశ్నలు రాయండి: ఇది పది నిమిషాలు ఆగితే ఏమవుతుంది, రోజంతా ఆగితే ఏమవుతుంది. మా దగ్గర కాంటా పది నిమిషాలు ఆగితే రోడ్డు జామ్, ట్యాలీ రోజంతా ఆగినా ఎవరికీ పట్టదు. ఈ ఒక్క కాగితం తర్వాత తీసుకునే నిర్ణయాలన్నిటికీ ఆధారం. నేను దీన్ని మొదటి సీజన్‌లో చేయలేదు, అన్నిటినీ ఒకే గాటన కట్టాను, ట్యాలీ లింకు కోసం నెల రోజులు ఖర్చయిపోయాయి.

అదే కాగితం మీద ఇంకొకటి రాయండి, డేటా ఎక్కడెక్కడ ఉందో. డేటాబేస్‌లో ఉన్నది ఒక్కటే డేటా కాదు. రైతుల పాస్‌బుక్ ఫొటోలు డి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో ఉంటాయి, రేట్లు ఒక ఎక్సెల్ షీటులో ఉంటాయి, ప్రింటరు సెట్టింగు గుమాస్తా లాగిన్‌లో ఉంటుంది, ఏడాది మారినప్పుడు చీటీ నంబరు ఒకటి నుంచి మొదలుపెట్టాలన్న సంగతి ఒక మనిషి తలలో ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటి మర్చిపోయినా మారిన రోజు అదే పట్టుకుంటుంది.

ప్రోగ్రామ్‌ను మిషన్ నుంచి విడదీయడం

ఇక అసలు పని. ప్రోగ్రామ్ నడిచే చోట ఏదీ దాచుకోకూడదు, ఇదే మొదటి సూత్రం. ఫొటోలు, పీడీఎఫ్‌లు ఆబ్జెక్ట్ స్టోరేజీకి (క్లౌడ్‌లో ఫైళ్ళు దాచే చోటు) పోవాలి, లెక్కలన్నీ డేటాబేస్‌కు పోవాలి, ఎవరు లాగిన్ అయ్యారన్న సమాచారం ప్రోగ్రామ్ మెమరీలో ఉండకూడదు. డేటాబేస్ అడ్రసు, పాస్‌వర్డ్, ఎస్సెమ్మెస్ పంపే సర్వీసు తాళం లాంటివి కోడులో రాయకుండా బయట నుంచి ఎన్విరాన్‌మెంట్ ద్వారా, అంటే ప్రోగ్రామ్ నడిచే చోటి సెట్టింగుల ద్వారా ఇవ్వాలి. ఈ నియమాలన్నిటినీ హెరోకు అనే కంపెనీలో పనిచేసినవాళ్ళు 2011 ప్రాంతంలోనే పన్నెండు అంశాలుగా రాసిపెట్టారు, ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్ అని వెతకండి, ఒక పూటలో చదవొచ్చు, ఇప్పటికీ వాటిలో చాలావరకు పనికొచ్చేవే.

ఇది సరిగ్గా అయిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ప్రోగ్రామ్‌ను రెండు కాపీలు పక్కపక్కన నడపండి, పని మధ్యలో ఒకదాన్ని చంపేయండి. చీటీ ఎక్కిస్తున్న మనిషికి తేడా తెలియకపోతే మీరు పాసయ్యారు. తెలిస్తే ఎక్కడో ఇంకా ఏదో దాచుకుంటోంది, వెతకండి.

తర్వాత కంటైనర్. ప్రోగ్రామ్‌తో పాటు దానికి కావలసిన లైబ్రరీలు, సరైన వెర్షన్లు అన్నీ ఒక మూటగా కట్టడమే ఇది, డాకర్ 2013లో వచ్చాక ఈ పద్ధతి అందరికీ అందింది. నా ల్యాప్‌టాప్‌లో నడిచిన మూట క్లౌడ్‌లోనూ అలాగే నడుస్తుంది, "నా దగ్గర పనిచేస్తుంది" అనే గొడవ చాలావరకు తగ్గుతుంది. మూట ఎలా కట్టాలో చెప్పే డాకర్‌ఫైల్ రాయడం ఒక రోజు పని. రెండు జాగ్రత్తలు మాత్రం చెబుతా: మూటకు ప్రతిసారీ కొత్త నంబరు ఇవ్వండి, లేటెస్ట్ అని పేరు పెట్టి వదిలేస్తే ఏది లైవ్‌లో ఉందో మీకే తెలియదు, పాస్‌వర్డ్‌లను మూట లోపల కట్టకండి, మూట చేరినవాడికల్లా తాళాలు చేరినట్టే.

అప్పుడు ఎవరో ఒకరు మైక్రోసర్వీసులు అంటారు, ప్రోగ్రామ్‌ను ఇరవై ముక్కలు చేయమంటారు. చేయకండి. ముక్కలు చేయడం ఇరవై టీములున్న కంపెనీకి అవసరం, ఇద్దరు చూసుకునే మిల్లుకు అది ఇరవై రెట్లు పని. అమెజాన్ ప్రైమ్ వీడియోలో ఒక టీము తమ వీడియో నాణ్యత చూసే పనిముట్టును ముక్కల నుంచి మళ్ళీ ఒకే ప్రోగ్రామ్‌గా కలిపి ఖర్చు 90 శాతానికి పైగా తగ్గించుకున్నామని 2023లో స్వయంగా రాసుకుంది. మేము మొత్తాన్ని మూడే భాగాలు చేశాం: కాంటా దగ్గరిది, ఆఫీసుది, రాత్రిపూట రిపోర్టులు తయారుచేసేది. ఎందుకు మూడంటే, వాటి అవసరాలు నిజంగానే వేరు.

మార్పును లైవ్‌లోకి పంపే దారి

క్లౌడ్‌కు మారడంలో అన్నిటికన్నా లాభం ఎక్కడొచ్చిందని నన్నడిగితే ఇక్కడే అంటాను. 2022 జులై 18న ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద, 25 కిలోల దాకా ఉన్న బస్తాలకు, 5 శాతం జీఎస్టీ వచ్చింది. అప్పటిదాకా బ్రాండు ఉన్నదానికే పన్ను. కొన్నాళ్ళకే మార్కెట్‌లో 26 కిలోల బస్తాలు కనబడ్డాయి. మిల్లు బిల్లింగులో కొత్త బస్తా సైజు, కొత్త పన్ను లెక్క, పాత స్టాకుకు వేరే లెక్క, అన్నీ రోజుల్లో మారాలి. అప్పుడు మా పద్ధతి ఏమిటంటే పెన్‌డ్రైవ్‌లో కొత్త ఫైలు తీసుకుపోయి నాలుగు కంప్యూటర్లలో కాపీ చేయడం, ఒక దాంట్లో మర్చిపోవడం. మళ్ళీ 2024 వానాకాలంలో సన్న వడ్లకు క్వింటాకు 500 రూపాయల బోనస్ వచ్చాక సన్నం, దొడ్డు వేరువేరుగా చూపే అవసరం పెరిగింది. అప్పటికి మాకు సరైన దారి ఉంది, ఆ మార్పు మధ్యాహ్నం రాసి సాయంత్రానికి లైవ్‌లో పెట్టాం, కాంటా ఒక్క నిమిషం కూడా ఆగలేదు.

ఆ దారి ఇలా వేసుకోండి. కోడు మొత్తం గిట్‌లో, అంటే ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే పనిముట్టులో ఉండాలి, ఒక్కరే రాసినా సరే. కోడు గిట్‌లోకి ఎక్కగానే పరీక్షలు వాటంతటవే నడవాలి, పాసైతే కంటైనర్ తయారు కావాలి, టెస్ట్ చోట దిగాలి, అక్కడ మీరు చూసి సరే అన్నాక లైవ్‌లోకి పోవాలి. ఇవన్నీ నడిపించడానికి గిట్‌హబ్ యాక్షన్స్ గానీ గిట్‌ల్యాబ్ గానీ చాలు. పరీక్షలు వందలు రాయక్కర్లేదు, డబ్బు లెక్కలకు ముందు రాయండి: నికర బరువు, తరుగు, తేమ ఎక్కువైతే ఎంత కోత, క్వింటా వడ్లకు బియ్యం ఎంత రావాలి. ప్రభుత్వ వడ్లు ఆడించి తిరిగిచ్చే సీఎంఆర్ బియ్యమైతే పచ్చి బియ్యానికి 67 కిలోలు, బాయిల్డ్‌కు 68 కిలోలు, ఈ లెక్క తప్పితే మిల్లు నష్టపోతుంది. నిజమైన పాత చీటీలు ఒక యాభై తీసుకుని, పేర్లు తీసేసి, వాటి జవాబులు కొత్త కోడు సరిగ్గా ఇస్తోందా అని చూసే పరీక్ష ఒక్కటి పెట్టుకున్నా మీకు రాత్రి నిద్ర పడుతుంది.

డేటాబేస్ మార్పుల్లో మాత్రం తొందర వద్దు. పాత కాలమ్ పేరు ఒక్కసారిగా మార్చేస్తే, కొత్త కంటైనర్ లేచే లోపల ఇంకా నడుస్తున్న పాతది విరుగుతుంది. ముందు కొత్త కాలమ్ చేర్చండి, కొన్నాళ్ళు రెండింటిలోనూ రాయండి, పాత డేటా కొత్తదానిలోకి ఎక్కించండి, పాతదాన్ని ఎవరూ చదవడం లేదని తేలాక తీసేయండి. నాలుగు విడతలు, విసుగ్గా ఉంటుంది, కానీ వెనక్కి రావలసి వస్తే దారి ఉంటుంది.

ఎక్కడ నడపాలి

అమెజాన్ వాళ్ళ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లోనే రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) తెరిచింది, అంతకు ముందు ముంబై ఒక్కటే. గూగుల్‌కు ముంబై, ఢిల్లీ ఉన్నాయి, మైక్రోసాఫ్ట్‌కు పుణె, చెన్నై ఉన్నాయి. మిర్యాలగూడ గుమాస్తాకు ముంబైకీ హైదరాబాద్‌కూ స్క్రీను మీద తేడా తెలియదు. దగ్గరుందని ఎంచుకోకండి, మీకు కావలసిన సర్వీసు ఆ రీజియన్‌లో ఉందా, ధర ఎంత అన్నవి చూసి ఎంచుకోండి. డేటా దేశం దాటకుండా ఉంటే చాలు.

కంటైనర్లను చాలా మిషన్ల మీద నడిపించే కుబెర్నెటిస్ గురించి అందరూ అడుగుతారు. 2014లో గూగుల్ బయటపెట్టింది, గొప్ప పనిముట్టు, నాకూ ఇష్టమే. కానీ దాని కొత్త వెర్షన్ ఏడాదికి మూడుసార్లు వస్తుంది, ఒక్కో వెర్షన్‌కు సుమారు 14 నెలలే సపోర్టు, అంటే ఏటా దాన్ని అప్‌గ్రేడ్ చేసే మనిషి కావాలి. ఏడబ్ల్యూఎస్‌లో దాని కంట్రోల్ భాగానికే గంటకు 10 సెంట్లు, అంటే మీ ప్రోగ్రామ్ నడవకముందే నెలకు 70 డాలర్లు దాటుతుంది. మాకు అది అవసరం లేకపోయింది, మీకూ బహుశా ఉండదు. కంటైనర్ ఇస్తే వాళ్ళే నడిపే సర్వీసులున్నాయి: గూగుల్ క్లౌడ్ రన్, ఏడబ్ల్యూఎస్ ఫార్గేట్, అజూర్ కంటైనర్ యాప్స్. వీటిలో ఒకటి తీసుకోండి. పక్కన వాళ్ళే చూసుకునే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఒకటి. డేటాబేస్‌ను మాత్రం సొంతంగా కంటైనర్‌లో నడపకండి, దాని బ్యాకప్, ప్యాచ్‌ల పని వేరే వాళ్ళకు డబ్బిచ్చి చేయించుకోదగ్గ పని.

నెట్ పోయినప్పుడు కాంటా ఆగకూడదు

పట్నంలో రాసిన క్లౌడ్ పాఠాల్లో ఈ భాగం దాదాపు ఉండదు, మన దగ్గర ఇదే అసలు విషయం. గాలివానకు ఫైబర్ తెగుతుంది, రోడ్డు వెడల్పు పనిలో జేసీబీ తెంపుతుంది, కరెంటు పోయి వస్తుంటే రూటరు ఆలస్యంగా లేస్తుంది. ఇంటర్నెట్ లేనప్పుడు కాంటా ఆగితే, బీరువా పక్కన కంప్యూటరే నయమని సేటు అంటాడు, ఆయన మాట నిజమే.

అందుకని కాంటా గదిలోని కంప్యూటరులో ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంచండి. అది కాంటా ఇండికేటరు నుంచి సీరియల్ కేబుల్ ద్వారా బరువు చదువుతుంది, తన దగ్గరే ఉన్న ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఫైల్లో రాస్తుంది, చీటీ ప్రింటు తీస్తుంది. ఇవన్నీ నెట్‌తో సంబంధం లేకుండా జరగాలి. తర్వాత వెనక నుంచి ఒక్కో చీటీని క్లౌడ్‌కు పంపుతూ ఉంటుంది, అందినట్టు జవాబు వచ్చేదాకా దాన్ని వదలదు. నెట్ రెండు గంటలు పోయినా లైను ఆగదు, వచ్చాక పెండింగువన్నీ వరసగా ఎక్కుతాయి.

చెప్పడానికి సులువు, ఇందులో మూడు చోట్ల కాలు జారుతుంది. ఒకటి, చీటీ క్లౌడ్‌కు చేరింది, కానీ జవాబు తిరిగి వచ్చేలోపు నెట్ పోయింది. కాంటా ప్రోగ్రామ్ చేరలేదనుకుని మళ్ళీ పంపుతుంది, ఒకే ట్రాక్టరు రెండుసార్లు ఎక్కుతుంది, రైతుకు రెండుసార్లు డబ్బు పోతుంది. మాకు ఒకసారి ఇదే జరిగింది, ఆ రైతే ఫోన్ చేసి ఎక్కువ పడ్డాయని చెప్పాడు. దీనికి మందు ఏమిటంటే, చీటీ పుట్టినప్పుడే కాంటా దగ్గర దానికి ఎప్పటికీ మళ్ళీ రాని ఒక పొడవాటి గుర్తింపు ఇవ్వాలి, యూయూఐడీ అంటారు, క్లౌడ్ డేటాబేస్‌లో ఆ గుర్తింపు మీద యూనిక్ నిబంధన పెట్టాలి. పదిసార్లు పంపినా ఒక్కసారే ఎక్కుతుంది, పదిసార్లూ "అందింది" అనే జవాబే వస్తుంది.

రెండు, ఆ పొడవాటి గుర్తింపును చీటీ నంబరుగా వాడలేం. రైతుకు 412వ నంబరు అని చెప్పాలి. జీఎస్టీ బిల్లుకైతే నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఆర్థిక సంవత్సరంలో వరసగా, మళ్ళీ రాకుండా ఉండాలి. రెండు కాంటాలుంటే రెండూ నెట్ లేనప్పుడు 412 ఇచ్చేస్తాయి. కాబట్టి ఒక్కో కాంటాకు ఒక్కో అక్షరం ఇచ్చి వేరే వరస నడపండి, ఏ-412, బి-412 అని. ఒకటికి మించి వరసలు ఉండడానికి జీఎస్టీ నియమాలు ఒప్పుకుంటాయి.

మూడు, గడియారం. పాత కంప్యూటరులో మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోతే కరెంటు పోయి వచ్చాక తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది, ఆ రాత్రి చీటీలన్నీ రిపోర్టులో కనబడవు. కాంటా సమయం, క్లౌడ్‌కు చేరిన సమయం రెండూ రాసుకోండి, రెండింటికీ మధ్య తేడా రోజు దాటితే సేటు ఫోన్‌కు మెసేజి పోవాలి. ముప్పై నలభై రూపాయల బటన్ సెల్లు సీజన్‌కు ముందే మార్చడం ఇంకా మంచిది.

చెల్లింపులు మాత్రం నెట్ లేకుండా చేయనివ్వకండి. బరువు ఆగకూడదు, డబ్బు ఆగొచ్చు. మొదట్లో రాసుకున్న కాగితం చూస్తే ఈ నిర్ణయం దానంతటదే వస్తుంది.

సీజన్, బిల్లు

మిల్లు పని ఏడాదంతా ఒకేలా ఉండదు. అక్టోబర్ చివర నుంచి డిసెంబర్ దాకా వానాకాలం వడ్లు, ఏప్రిల్, మే నెలల్లో యాసంగి వడ్లు, మిగతా నెలల్లో ఆడించడం, అమ్మడం. క్లౌడ్ మనకు సరిపోయేది ఇందుకే, పని ఉన్నప్పుడు కంటైనర్లు పెరిగి, లేనప్పుడు తగ్గుతాయి. కనీసం ఒకటి ఎప్పుడూ నడుస్తూ ఉండేలా పెట్టండి, సున్నాకు తగ్గిస్తే పొద్దున మొదటి చీటీకి స్క్రీను కాసేపు ఆగి గుమాస్తా కంగారుపడతాడు. పైన కూడా హద్దు పెట్టండి, మేము ఆరు పెట్టాం. హద్దు లేకపోతే కంటైనర్లు పెరిగి, ఒక్కోటి డేటాబేస్‌కు పది కనెక్షన్లు తెరిచి, చివరికి డేటాబేస్ చేతులెత్తేస్తుంది. ప్రోగ్రామ్ పెరిగినంత సులువుగా డేటాబేస్ పెరగదు.

బిల్లు గురించి సూటిగా చెబుతా. ధరలు డాలర్లలో ఉంటాయి, పైన 18 శాతం జీఎస్టీ, రూపాయి పడితే బిల్లు పెరుగుతుంది. మొదటి రోజే బడ్జెట్ అలర్టు పెట్టండి, సగానికి ఒకటి, ఎనభై శాతానికి ఒకటి. మాకు తెలియకుండా డబ్బు పోయినవి పెద్ద సర్వర్లు కావు: లోపలి మిషన్లను ఇంటర్నెట్‌కు కలుపుతూ, ట్రాఫిక్ లేకపోయినా గంటకింత తీసుకునే నాట్ గేట్‌వే, అవసరం లేని లాగులు (ప్రోగ్రామ్ తన పని గురించి రాసుకునే రికార్డులు), వాడకుండా వదిలేసిన డిస్కులు, పబ్లిక్ ఐపీ అడ్రసులు. ఏడబ్ల్యూఎస్ 2024 ఫిబ్రవరి నుంచి వాడుతున్న పబ్లిక్ ఐపీవీ4 అడ్రసులకు కూడా గంట చొప్పున వసూలు చేస్తోంది. టెస్ట్ సెటప్‌ను రాత్రి పదికి ఆపి పొద్దున తొమ్మిదికి లేపే చిన్న షెడ్యూలు పెట్టండి.

తాళాలు ఎవరి దగ్గర

క్లౌడ్ ఖాతా మిల్లు పేరు మీద, మిల్లు ఈమెయిలుతో, మిల్లు కార్డుతో తెరవాలి. డెవలపర్ పేరు మీద వద్దే వద్దు. నాకు తెలిసిన ఒక వ్యాపారంలో సాఫ్ట్‌వేర్ చూసే అబ్బాయి వేరే ఉద్యోగానికి పోయాక ఖాతా అతని జీమెయిల్ మీద ఉండిపోయి, తమ సొంత లెక్కలు తమ చేతికి రావడానికి వాళ్ళు మూడు నెలలు తిరిగారు. అన్ని అధికారాలున్న రూట్ పాస్‌వర్డ్, రెండో అంచె కోడు సేటు దగ్గర కవర్లో ఉండాలి, రోజువారీ పనికి మీకు తక్కువ అధికారాలున్న వేరే లాగిన్ ఉండాలి.

మిల్లు దగ్గర రైతుల ఆధార్ కాపీలు, బ్యాంకు ఖాతా నంబర్లు, ఫోన్ నంబర్లు ఉంటాయి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, డేటాను సరిగ్గా కాపాడకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉండొచ్చని అందులో ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, నమ్మి పాస్‌బుక్ ఇచ్చిన రైతు సమాచారం అది. అవసరం లేనిది తీసుకోకండి, ఫొటోలున్న స్టోరేజీని పబ్లిక్‌గా తెరవకండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సైబర్ దాడి జరిగితే తెలిసిన 6 గంటల్లో దానికి చెప్పాలి, లాగులు 180 రోజులు ఉంచాలి. లాగుల్లో ఆధార్ నంబరు పడకుండా కూడా చూసుకోండి.

బ్యాకప్ గురించి ఒక్కటే మాట. తీసుకున్న బ్యాకప్‌ను తిరిగి లేపి చూడండి. ఏడబ్ల్యూఎస్ ఆర్‌డీఎస్ లాంటి, వాళ్ళే చూసుకునే డేటాబేస్‌లు బ్యాకప్‌లను 35 రోజుల దాకా వాటంతటవే ఉంచుకుంటాయి, ఆ కాలంలో ఏ నిమిషానికైనా వెనక్కి పోవచ్చు, కానీ అది ఎంతసేపు పడుతుందో మీకు తెలిసి ఉండాలి. మేము నెలకోసారి కొత్త డేటాబేస్‌లో లేపి, నిన్నటి మొత్తం బస్తాలు పేపరు రిజిస్టరుతో సరిపోయాయా అని చూస్తాం.

ఎప్పుడు, ఏ వరసలో

మా వైపు పొలం గట్ల మీద చూసే ఉంటారు, తాటిచెట్టు మట్టల సందులో పిట్ట వేసిన మర్రి గింజ మొలుస్తుంది, వేళ్ళు కిందికి దిగుతాయి, కొన్నేళ్ళకు తాడి చుట్టూ మర్రి అల్లుకుని, చివరికి మర్రే నిలబడుతుంది. సాఫ్ట్‌వేర్‌ను మార్చే పద్ధతి అదే, ఇంజనీర్లు కూడా దీనికి అలాంటి చెట్టు పేరే పెట్టుకున్నారు. పాతదాన్ని కొట్టేయకుండా, దాని పక్కన కొత్తదాన్ని పెంచుతూ, ఒక్కో పనిని అటు మళ్ళించడం.

మా వరస ఇది. ముందు సేటు ఫోన్లో చూసే రిపోర్టులు: పాత డేటాబేస్ నుంచి రాత్రిపూట కాపీ తీసి క్లౌడ్‌లో చూపించాం, తప్పు జరిగినా ఎవరికీ నష్టం లేదు, సేటుకు నమ్మకం కుదిరింది. తర్వాత రైతులకు పోయే ఎస్సెమ్మెస్‌లు. తర్వాత ఆఫీసు బిల్లింగు. అన్నిటికన్నా చివర కాంటా. యాసంగి లైన్లు తగ్గిన జూన్‌లో మొదలుపెట్టి, దసరా లోపు ముగించండి. సీజన్ మధ్యలో ఎవరు అడిగినా పెద్ద మార్పు పెట్టకండి.

కాంటా మారేటప్పుడు రెండు వారాలు పాతదీ కొత్తదీ రెండూ నడపండి. గుమాస్తాకు ఇది డబుల్ పని, ఆ రెండు వారాలకు అదనంగా జీతం ఇప్పించండి, నేను సేటును అడిగి ఇప్పించాను. రోజూ సాయంత్రం రెండిటి మొత్తాలు పోల్చండి, ఒక్క బస్తా తేడా వచ్చినా ఎందుకో దొరికేదాకా ముందుకు పోకండి. మాకు ఐదో రోజు తేడా వచ్చింది. వెతికితే పాత ప్రోగ్రామ్ అరకిలోను ఎప్పుడూ కిందికే సరిచేస్తోందని తేలింది, అంటే ఇన్నేళ్ళూ రైతుకే కొద్దికొద్దిగా నష్టం జరుగుతోంది. సేటుకు చూపించాం, కొత్తదానిలో దశాంశం దాకా లెక్క పెట్టాం.

పని చూసుకోవడానికి మనుషులు దొరకరనుకోకండి. నల్గొండలో, మహబూబ్‌నగర్ దివిటిపల్లిలో 2023లో ఐటీ టవర్లు తెరిచారు, ఇక్కడి కాలేజీల్లో చదివి హైదరాబాద్ పోవడం ఇష్టం లేని పిల్లలు ఉన్నారు. ఒకరిని తీసుకుని మొదటి నెల కాంటా గదిలో కూర్చోబెట్టండి, కోడు తర్వాత నేర్చుకుంటారు. ఏదైనా జరిగితే ఫోన్ ఎవరికి పోవాలి, మొదటి పది నిమిషాల్లో ఏం చూడాలి అన్నది ఒక పేజీలో తెలుగులోనే రాసి గోడకు అంటించండి.

బీరువా పక్కన కంప్యూటరును వెంటనే అమ్మకండి. దాని డిస్కు కాపీ ఒకటి తీసి, నెట్ వైరు పీకి, ఒక పూర్తి సీజన్ అలాగే ఉంచండి, ఎవరో ఒకరు పాత చీటీ అడుగుతారు. సీజన్ దాటి, లెక్కలు చూసే ఆడిటర్ సరే అన్నాక, డిస్కును చెరిపించి, కుదిరితే విరగ్గొట్టించి, అప్పుడు పాత సామాన్లవాడికి ఇవ్వండి. అందులో వేలమంది రైతుల పాస్‌బుక్ ఫొటోలున్నాయి.